నేను మా బాపును చెరిపేసిన సంగతి

కన్నతండ్రి బతికుండగానే ఆయన్ను లేకుండా చేసిన కొడుకు మీకెక్కడైనా తారసపడ్డాడా? పడకపోతే ఇప్పుడు చూసుకోండి, నేనే. పైగా ఆ పని పట్టపగలు, ఏసీ గదిలో, పక్కన ఆఫీసరు నిలబడి మెచ్చుకుంటుండగా చేశాను. మీరు నవ్వుకోవడానికే చెబుతున్నాను గానీ, ఆ రోజులు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ కోపం కొంత మెషీన్ మీద, కొంత ఆఫీసరు మీద. మిగిలిందంతా నా మీదే.

తొంభైల మొదట్లో మంచిర్యాల దగ్గర ఒక గనుల ఆఫీసులో నాకు కంప్యూటర్ ఉద్యోగం దొరికింది. హైదరాబాదులో కోర్సు చేసి వచ్చాను కదా, నేల మీద నడవడం మానేశాను. ఆఫీసులో అప్పటికే ఒక పెద్ద మెషీన్ ఉండేది. ఇనుప బీరువా అంత ఉండి, రోజంతా గుర్రుమనేది. కార్మికుల వివరాలన్నీ దాని కడుపులోనే. దాన్ని తీసేసి, ఆ వివరాలను బల్ల మీద పెట్టుకునే చిన్న కంప్యూటర్‌లో కొత్త డేటాబేస్‌లోకి మార్చమని పైనుంచి ఆర్డరు వచ్చింది. మా ఆఫీసరు చలపతి సారు ఎన్ని రోజులు పడుతుందని అడిగారు. రోజులెందుకు సార్, గంటలు చాలు అన్నాను. ఆ మాట అన్న నోటిని ఇవాళ దొరికితే కుట్టేస్తాను.

అసలు సంగతేమిటంటే, నస్పూర్‌లో కట్టిన కొత్త క్వార్టర్లను ఆ డేటాబేస్ నుంచి తీసిన సీనియారిటీ ప్రకారమే పంచుతారు. మా బాపు రాజయ్య గనిలో బొగ్గు నింపే కార్మికుడు. నేను బడికి పోయే రోజుల నుంచీ క్వార్టరు కోసం ఎదురుచూస్తున్నాడు. మా కిరాయి గదికి నల్లా లేదు. అవ్వ, అంటే మా అమ్మ, వీధి చివర బోరింగు దగ్గర రోజూ ఎవరితోనో ఒకరితో కొట్లాడి నీళ్లు తెచ్చేది. ఈసారి బాపు వంతు వచ్చినట్టేనని గనిలో అందరూ అన్నారు. కొడుకే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు, ఇక ఫికర్ ఏముందని అవ్వ వాడకట్టంతా చెప్పుకుంది.

రెండు మెషీన్ల మధ్య వైరు తగిలించి వివరాలు పంపడం మొదలుపెట్టాను. సగంలో కరెంటు పోయింది. వచ్చాక మళ్లీ మొదటి నుంచి పంపాను గానీ, ముందు దిగినవి తుడవడం మరిచిపోయాను. దాంతో సగం మంది రెండేసి సార్లు దిగారు. అంతా తుడిచేసి మళ్లీ మొదలుపెట్టి ఉంటే మీకు ఈ కథ చెప్పే ఖర్మ నాకు పట్టేది కాదు. కానీ గంటలు చాలన్నాను కదా, పౌరుషం ఒకటి ఏడ్చింది.

అది చాలదన్నట్టు, ప్రతి పేరు పక్కన కార్మికుడి నంబరు ఉండాల్సిన చోట ఆఠీన్లు, ఇస్పేట్లు, పళ్లికిలించే బొమ్మ ముఖాలు కనబడ్డాయి. పెద్ద మెషీన్ అంకెలను తన పద్ధతిలో కుదించి దాచుకుంటుంది, వాటిని విడదీసి పంపాలి. ఈ ముక్క నాకు తర్వాత తెలిసింది.

"ఏమిటయ్యా ఈ పేకాట?" అన్నారు సారు.

"చెత్త సార్. పాత మెషీన్ కదా."

"అయితే తీసెయ్."

తీసేశాను. నంబర్ల వరుస మొత్తం. ఇక రెండుసార్లు దిగిన పేర్ల సంగతి. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ మూడూ కలిస్తే ఇద్దరూ ఒకరే కదా! ఒకరిని ఉంచి మిగతావారిని తీసేయమని కంప్యూటర్‌కు చెప్పాను. అది రెప్పపాటులో ఊడ్చి పారేసింది. సారు నా భుజం తట్టి, పైవాళ్లకు ఫోన్ చేసి, పనంతా తనే దగ్గరుండి చేయించానని చెప్పుకున్నారు.

క్వార్టర్లు వచ్చినవారి పేర్లు గోడకు అంటించారు. రాజయ్య, తండ్రి మల్లయ్య అని చూసుకుని బాపు ఆ రోజే కిరాయి గది ఖాళీ చేశాడు. సామాను ట్రాలీ మీద ఎక్కించుకుని నస్పూర్ చేరేసరికి, అదే తలుపు ముందు ఇంకో రాజయ్య నిలబడి ఉన్నాడు. ఆయన తండ్రీ మల్లయ్యే. ఆయనకూ ఒక ట్రాలీ, దాని మీద మంచాలు, బిందెలు. పక్క వరుసలో ముగ్గురు పోచయ్యలు ఒక్క తాళంచెవి కోసం పెనుగులాడుతున్నారు.

ఎందుకిలా అయిందంటే, ఆ తరంలో గనిలో చేరినవారికి పుట్టిన తేదీ తెలియదు. డాక్టరు పళ్లు చూసి వయసు అంచనా కట్టేవాడు. గుమాస్తా దాన్నిబట్టి ఏడాది వేసి, తేదీ మాత్రం అందరికీ జూలై ఒకటి అని రాసేవాడు. ఇంటిపేరు అడిగిన పాపాన ఎవరూ పోలేదు. రాజయ్యలు, మల్లయ్యలు, పోచయ్యలు మా ఊళ్ల నిండా ఉన్నారు. వీళ్లను వేరు చేసేది ఆ నంబరు ఒక్కటే. దాన్నే నేను పేకముక్కలని పారేశాను. గని కార్మికుడి ఇంట పుట్టి పెరిగి చేసిన పని ఇది. చెంపలు వాయించుకోవాలనిపించదూ?

మర్నాడు ఆఫీసు ముందు గుంపు చేరింది. చలపతి సారు అందరూ వినేలా, "నంబర్లు తీసెయ్యమని నేను చెప్పానా?" అని నన్ను నిలదీశారు. చెప్పారు సార్ అనే మాట నోటిదాకా వచ్చింది. ఉద్యోగం గుర్తొచ్చి మింగాను. ఆ మింగింది ఇన్నేళ్లయినా అరగలేదు.

పెద్ద మెషీన్‌ను మళ్లీ లేపి నంబర్లు సరిగా తెచ్చాక లెక్క తేలింది. ఇద్దరు రాజయ్యలకూ చెరో క్వార్టరు రావాలి. ఆ తలుపు రెండో రాజయ్యది. బాపుకు రావాల్సింది సీనియారిటీలో ఆయన కంటే కింద ఉన్న ఎవరికో పోయింది. అతను అప్పటికే ఆ ఇంట్లో పాలు పొంగించాడు. పాలు పొంగించిన మనిషిని ఖాళీ చెయ్యమనే ధైర్యం ఏ ఆఫీసుకుంది? మళ్లీ క్వార్టర్లు కట్టేదాకా బాపును ఆగమన్నారు. కిరాయి గదిలో వేరేవాళ్లు దిగిపోయారు. మేం చిన్నమ్మ ఇంటి వరండాలో పడ్డాం. అవ్వ నాతో మాట్లాడటం మానేసి, అన్నం మాత్రం పెట్టేది.

ఇక ముందు ఇలా కాకుండా అందరి అసలు పుట్టిన తేదీలు రాసుకోమని సారు నన్నే కూర్చోబెట్టారు. వరుసలో బాపు వచ్చాడు.

"బాపు, అసలు ఎప్పుడు పుట్టినవో జర యాది చేస్కో," అన్నాను తల ఎత్తకుండా.

"నేను లేనన్నవ్ గదరా. లేనోనికి పుట్టిన తారీఖెందుకు?"

"తప్పైంది బాపు. ఏదో ఒకటి చెప్పు."

"అయితే నువ్వు పుట్టిన తారీఖు రాస్కో. నా పరేషాని గా దినంకెల్లే షురువైంది."

వెనకున్న రాజయ్యలంతా పగలబడి నవ్వారు. నేను ఉక్రోషంతో పెన్ను తీసి, రాయబోయి ఆగిపోయాను. నన్ను బడిలో వేసిన రోజు, అవ్వకు తేదీ గుర్తులేదంటే పంతులు కూడా జూలై ఒకటి అనే రాసుకున్నాడు.

అందుకే ప్రమాణపూర్వకంగా చెబుతున్నాను, ఒకేలా ఉన్నారని ఇద్దరిలో ఒకరిని ఈ జన్మలో ఇక తీసెయ్యను. దారిలో కవలలు ఎదురైనా సరే, ఇద్దరికీ విడివిడిగా దండం పెట్టి, నంబర్లు అడిగి మరీ ముందుకు కదులుతాను.