ఆగమంటే ఆగిన నర్సమ్మ

మా తమ్ముడికి ముప్పయ్యేళ్ళు. ఆటిజం, మాట రాదు. చెప్పకుండా ఎవరైనా ముట్టుకుంటే ఒళ్ళంతా బిగుసుకుపోతుంది. ఉబ్బసం కూడా ఉంది కాబట్టి కరోనా టీకా తొందరగా వేయించకపోతే కష్టమని డాక్టరు చెప్పాడు. చెప్పడం ఆయన పని, వేయించడం మా పని.

మేముండే పేట లింబాయత్‌లో టీకాలు వేసేచోటికి తీసుకువెళ్ళాను. తమ్ముడు అరచెయ్యి ఎత్తి చూపిస్తూనే ఉన్నాడు. ఇద్దరు వచ్చి భుజాలు పట్టుకున్నారు. వాడు విదిలించుకుని బల్ల కింద దూరాడు. ఇలాంటివాణ్ణి ఎందుకు తెచ్చావని వరసలో ఉన్నవాళ్ళు నన్ను అడిగారు. మాస్కు ఉన్నా నా నోరు ఊరుకుంటుందా, అందరినీ కడిగిపారేశాను. టీకా మాత్రం పడలేదు. ఇంటికొచ్చాక భయం పట్టుకుంది. ఆయాసం వస్తే వాణ్ణి ఆస్పత్రిలో ఒంటరిగా ఉంచుతారు. అక్కడ వాడి గోడు ఎవరికి అర్థమవుతుంది?

మర్నాడు అక్కడి నర్సు మా ఇంటికి వచ్చింది. ఈ గుజరాతీల ఊళ్ళోనే, పర్వత్ పాటియా పేటలో పెరిగిన తెలుగు పిల్ల. బల్ల కింద దూరిన మనిషి కళ్ళలోనే మెదులుతున్నాడట. ఒక్కటే అడిగింది.

"అక్కా, ఆయనకు యాడ కూసుంటె మంచిగనిపిస్తది?"

నిశ్శబ్దంగా ఉండే గది అంటాననుకుని ఉంటుంది. నేను సాంచాల షెడ్డు అన్నాను. మా నాన్న మరమగ్గాలు నడిపే చోటు. చిన్నప్పటి నుంచీ తమ్ముడు అక్కడే, నాన్న పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. నోరున్నవాడిదే రాజ్యం అంటారు గాని, ఆ మోతలో ఎవరి నోరూ చెల్లదు. అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. అరచెయ్యి ఎత్తితే ఆపు. వేలు గుండ్రంగా తిప్పితే నడుపు. అక్కడ మా తమ్ముడు ఎవరికీ తీసిపోడు.

ఆమె పైవాళ్ళ అనుమతి తీసుకుని ఐసు డబ్బాతో షెడ్డుకే వచ్చింది. లోపలికి వచ్చేముందే నాన్న దగ్గర సైగలు నేర్చుకుంది. సిరంజి చూడగానే తమ్ముడు అరచెయ్యి ఎత్తాడు. ఆమె ఆగింది. చెయ్యి దించి, వెనక్కి జరిగి నిలబడింది. వాడు ఆమెనూ, ఆ దించిన చేతినీ మార్చి మార్చి చూశాడు. కాసేపటికి దగ్గరకు వస్తే మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ ఆగింది. నా ఓపిక అయిపోయింది గాని ఆమెది అయిపోలేదు. చివరికి వాడే చొక్కా చెయ్యి పైకి మడిచి, వేలు గుండ్రంగా తిప్పాడు.

సూది ఎప్పుడు దిగిందో నేను చూడలేదు, కళ్ళు నిండిపోయాయి. బయటికి వచ్చాక నాన్న ఆమెకు దండం పెట్టాడు.

"షెడ్డుల పనిజేసెటోళ్ళు తప్ప, మావోడు ఆగుమంటె ఆగినోళ్ళను నేను చూడలె బిడ్డా."

ఆ పిల్ల ఎక్కడున్నా చల్లగా ఉండాలి. ఇప్పుడు ఏ దవాఖానకు వెళ్ళినా, జబ్బు సంగతి కన్నా ముందు ఆ అరచేతి సంగతి చెబుతాను. కొందరు నవ్వుతారు. కొందరు ఆగుతారు. ఆగినవాళ్ళకు మా తమ్ముడు తనంతట తానే చెయ్యి ఇస్తాడు.