పైడయ్య తట్టిన ఘటం

ఈ వేసవిలో మా కాలనీ మొత్తానికి పైడయ్యంత గిరాకీ ఉన్న మనిషి లేడు. అంత ఒంటరివాడూ లేడు. ఈ రెండూ ఒక్కడికే ఎలా వచ్చిపడ్డాయంటే, అందరికీ ఆయన చేతులతోనే పని. మనిషితో ఎవరికీ పని లేదు. ఎదురింట్లో ఉండి చూస్తున్నదాన్ని, నాకు ఒళ్ళు మండేది.

గాజువాక దాటాక ఉంటుంది మా కాలనీ. స్టీల్ ప్లాంటు కోసం ఊళ్ళు ఖాళీ చేసి వచ్చినవాళ్ళమే అందరమూ. పైడయ్య కుమ్మరి. ఆయన భార్య నూకాలు కార్తీకంలో పోయింది. జ్వరమే కదా అనుకుంటుండగానే పోయింది. దినాలు అయిపోయాక ఆ పేరు ఎత్తితే పైడయ్య బాధపడతాడని అందరూ మానేశారు. బంధువులు మానేశారు, కొడుకు మానేశాడు. అదొక మర్యాద అనుకున్నారు. ఆయనకు మాత్రం ఆ మర్యాదే ఊపిరాడనివ్వలేదు.

ఎండలు ముదిరేసరికి పనులు మీద పడ్డాయి. మద్దిలపాలెంలో ఒక మేడ మీద జ్యోతిర్మయి అనే అమ్మాయి మట్టిపని నేర్పే స్టూడియో పెట్టింది. వేసవి క్లాసులకు పైడయ్యను పిలిచింది. మంచి పిల్ల, "పైడయ్య గారూ" అంటూ కుర్చీ వేస్తుంది, మజ్జిగ ఇస్తుంది. అక్కడికి వచ్చినవాళ్ళు ఆయన కప్పు తీస్తుంటే ఫోన్లు పైకెత్తుతారు. ఒకసారి ఒకావిడ ఆ వీడియో ఆయనకే చూపించింది. మణికట్ల దాకా చేతులు, తిరుగుతున్న మట్టి. మొహం ఎక్కడా లేదు. "బాగుందమ్మా" అని ఊరుకున్నాడు.

అక్కణ్ణుంచి బస్సు పట్టుకుని కొడుకు గుణశేఖర్ కట్టిస్తున్న ఇంటికి పోవాలి. గుణశేఖర్‌ది పరవాడలో మందుల కంపెనీలో షిఫ్టు ఉద్యోగం. పై అంతస్తు స్లాబు వేశాడు. రెండు పూటలా తడపడానికి తండ్రి ఉండనే ఉన్నాడు. పైడయ్య ఎండలో పైపు పట్టుకుని నిలబడేవాడు. కోడలు కింద నుంచే కేకేసి, అన్నం గిన్నె మెట్ల మీద పెట్టి, పిల్లాణ్ణి నిద్రపుచ్చడానికి వెళ్ళిపోయేది. ఎవరిదీ తప్పని అనను. ఎవరికీ తీరిక లేదు.

ఇవి చాలక అమ్మవారి పండగ వచ్చింది. పాత ఊరి అమ్మవారిని మాతోపాటే తెచ్చుకున్నాం. ఏటా డప్పులతో పైడయ్య గుమ్మంలోకి వెళ్ళి, అక్కణ్ణుంచే ఘటం ఎత్తుకుని గుడికి పోవడం మాకు ఆనవాయితీ. కమిటీలో తిరిగే రాము వచ్చి గుమ్మంలో నిలబడే అడిగాడు.

"బావా, ఈ ఏడు ఘటం సంగతేటి? అవ్వదంటే ఇప్పుడే సెప్పీ. బయట ఎక్కడైనా సూసుకుంటాం."

"అవుద్ది. నాను సేత్తాను" అన్నాడు పైడయ్య.

అన్నాడు గానీ, ఆయనకు తెలియని పని అదొక్కటే. మామూలు పూలకుండీకి, కప్పుకి తిరిగే సారె మీదే అడుగు వచ్చేస్తుంది. ఘటం అలా కాదు. సారె మీద మెడ, పొట్ట తీస్తారు, కింద ఖాళీగానే ఉంటుంది. నీడలో కాస్త ఆరనిచ్చి, లోపల గుండ్రాయి పట్టి, పైనుంచి చెక్కతో తట్టి తట్టి ఆ ఖాళీని గుండ్రంగా మూయాలి. వాళ్ళ ఇళ్ళల్లో సారె మగవాడిది, చెక్క ఆడదానిది. పెళ్ళయిన నాటినుంచీ తట్టింది నూకాలే. ఆమె లేకపోతే ఆ గుమ్మంలో మళ్ళీ డప్పు మోగదన్న సంగతి ఆయనకు రాము వెళ్ళాక గానీ తట్టలేదు.

మొదటి కుండ అడుగు చిరిగింది. రెండోది కుంగిపోయింది. నూకాలుది ఎడమచేతి వాటం. ఏళ్ళ తరబడి పట్టీ పట్టీ ఆ చెక్క పిడి ఆమె అరచేతికి తగ్గట్టు అరిగిపోయింది. పైడయ్య కుడిచేత్తో పడితే పక్కకి తిరిగిపోతోంది. ఆటోనగర్‌కు కుండలు కాల్చే రంపపు పొట్టు కోసం ఎలాగూ వెళ్తాడు, అక్కడే ఇంకో చెక్క చేయించుకోవచ్చు. వినలేదు. చెక్కను ఎడమచేతికి మార్చుకున్నాడు. బుర్ర ఉన్నవాడు ఎవడైనా అలా చేస్తాడా?

పొట్టు బస్తా దింపడానికి వచ్చిన గుణశేఖర్ అదంతా చూశాడు.

"ఎందుకు నాన్నా ఈ తిప్పలు? ఎలమంచిలి నుంచి ఓ కుండ తెచ్చెత్తాను. రంగేసి ఇచ్చీ. ఎవడికి తెలుత్తాది?"

"కొన్న కుండ అమ్మోరికి ఇత్తారేట్రా?"

"మరి నీకు రావట్లేదు కదా."

"వత్తాది" అన్నాడు పైడయ్య తల ఎత్తకుండా. ఏదో ఇంకా చెప్పబోయి కొడుకు ఫోను మోగితే ఆగిపోయాడు. గుణశేఖర్ మాట్లాడుకుంటూనే బండి ఎక్కాడు.

సారె ముందు పైడయ్య కూర్చుంటే ఆయన వీపు వెనక నూకాలు కూర్చునేది. అందుకని ఆయనకు వెనక్కి తిరగకుండా మాట్లాడే అలవాటు. ఇప్పటికీ ఏదో ఒకటి అనేవాడు, ఎండ గురించో, మట్టిలో రాళ్ళ గురించో. అని ఆగిపోయేవాడు. మా వరండాలోకి ఆ మాటలు వినబడేవి. జవాబు రాని మాట విని ఊరుకోవడం చాలా కష్టం. నేను లేచి లోపలికి పోయేదాన్ని.

ఎన్ని మట్టిముద్దలు పాడైనా చివరికి ఒకటి నిలిచింది. ఆములో పెట్టి కాల్చాడు, పగలకుండా బయటికొచ్చింది. ఎర్రమట్టి పూసి, పసుపు రాసి చూసుకున్నాడు. కాస్త ఒరిగినట్టుంది. పెట్టే చోటు మార్చి చూశాడు, అయినా ఒరిగే ఉంది. పండగకి ఇక టైము లేదు.

డప్పులు వచ్చాయి. వీధంతా జనం. ఏటా నూకాలే ఘటాన్ని పెద్దావిడ వరహాలమ్మ నెత్తిన పెట్టేది. ఇప్పుడు పీట మీద పెట్టేసి పైడయ్య గోడ పక్కకి తప్పుకున్నాడు. పాత ఊళ్ళో ఉన్నప్పటినుంచీ ఘటం మోస్తున్న మనిషి వరహాలమ్మ. వంగి తనే ఎత్తుకుని, చుట్టకుదురు మీద సర్దుకుని కొంచెం నడిచి ఆగిపోయింది. డప్పులు కూడా ఆగాయి. రాము పైడయ్య వైపు గుర్రుగా చూశాడు.

"ఇది నూకాలు సెయ్యి కాదు" అంది వరహాలమ్మ. "బరువంతా ఓ పక్కకే లాగుతంది."

"ముందే సెప్పాను, బయట తెద్దారని" అన్నాడు రాము.

"నువ్వుండరా. నాను మొయ్యలేనన్నానేటి?"

పైడయ్య జనాన్ని తప్పించుకుని, తనకు అక్క వరసైన ఆవిడ ముందుకొచ్చాడు. "దాని సెయ్యి నీకెలా తెలుసప్పా?"

"ఇన్నేళ్ళు నెత్తినెట్టుకున్నాను, తెలీదేటి? దాని ఘటం నెత్తి మీద ఉన్నట్టే ఉండేది కాదు. మా నూకాలు లేని లోటు ఇప్పుడు తెలుత్తంది నాకు." ఆవిడ ఘటాన్ని ఒరిగిన వైపు చేత్తో పట్టుకుంది. "ఇటేపు ఒరుగుతంది. వచ్చి ఓ సెయ్యట్టు. గుడి దాకా నడు నాతో."

కుమ్మరివాడు గుమ్మం దగ్గరే ఆగిపోవడం మా ఆనవాయితీ. ఆ పూట ఎవరూ ఆ మాట అనలేదు. పైడయ్య ఘటానికి చెయ్యి ఆనించి ఆవిడ పక్కనే నడిచాడు. చెంపల మీద నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు, ఎవరో అందించిన నిప్పుల ధూపం రెండో చేతిలో ఉంది మరి.

వీధి మలుపు తిరిగాక, డప్పుల మోతలో వంగి అడిగాడు.

"ఇంకా సెప్పప్పా."

"ఏటి సెప్పమంటావు?"

"దాని గురించే. ఏదైనా సరే."