సీటు కింద పట్టే సంచి

నాకు భయం ఎక్కువ. భయం ముదిరితే కోపం వస్తుంది, కోపం వస్తే పక్కనున్నవాళ్ల మీద విరుచుకుపడతాను. డెబ్భైల చివర్లో, మూడేళ్ల కాంట్రాక్టు మీద నర్సు ఉద్యోగానికి కువైట్ బయల్దేరే ముందు, మా పటమట ఇంట్లో నా పక్కనున్నది అమ్మా నాన్నా. పాపం, వాళ్లకి పారిపోయే దారి కూడా లేదు.

ఆ భయమంతా ఒక సంచి గురించి. ఇప్పుడు చెబితే నవ్వుతారు గానీ అప్పుడు నాకు అన్నం సహించేది కాదు. మా ఆస్పత్రిలో నాకన్నా సీనియర్ ఒకావిడ అంతకు ముందే అక్కడికి వెళ్లింది. సర్టిఫికెట్లన్నీ పెద్ద పెట్టెలో అడుగున భద్రంగా పెట్టుకుంది. ఆవిడ దిగింది, పెట్టె దిగలేదు. ఒరిజినల్స్ చూపించందే నర్సుగా తీసుకునేది లేదన్నారట. ఇక్కణ్ణించి మళ్లీ సర్టిఫికెట్లు తీయించి పంపేదాకా ఆర్నెల్లు ఆయాపని చేసింది. ఆ సంగతంతా నాకు ఉత్తరంలో రాసి, చివర ఒక సలహా చేర్చింది. 'కాగితాలు నీ దగ్గరే ఉంచుకో. వీపుకి తగిలించుకునే సంచి అయితే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. అది సీటు కింద పట్టాలి. పట్టకపోతే తీసుకుని కింద సామాన్లలో పడేస్తారు.'

ఆ ఆఖరి మాటతో నా గుండెల్లో రాయి పడింది. సీటు కింద పట్టాలంటే, అసలు ఆ సీటు ఎంతుంటుంది? మావాళ్లంతా విమానాన్ని తల పైకెత్తి చూసినవాళ్లే తప్ప ఎక్కినవాళ్లు ఒక్కరూ లేరు.

బీసెంట్ రోడ్డు కొట్లన్నీ తిరిగాం. ఎయిర్‌బ్యాగు చూపించారు, రెండుసార్లు బాగానే పడిన జిప్పు మూడోసారి ఊడి నా చేతికొచ్చింది. చేతి సూట్‌కేసు గట్టిదే కానీ ఒక చెయ్యి దానికే అంకితమైపోతుంది. వీపుకి తగిలించుకునేది ఉందా అని అడిగితే కొట్టాయన నా చీర వంకా, నా వంకా చూసి, "మిలట్రీవాళ్లకాండీ?" అన్నాడు. చర్రున కోపమొచ్చి బయటికొచ్చేశాను.

చివరికి నాన్న వన్‌టౌన్‌లో ఒక సాయిబుగారి దగ్గరికి తీసుకెళ్లాడు. రిక్షా టాపులూ, స్కూటర్ సీటు కవర్లూ కుట్టేవారాయన. గుడ్డ చిరగాలే గానీ ఆయన కుట్టు ఊడదని పేరు. నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు.

"కుట్టడం ఎంతసేపమ్మా. కొలత చెప్పండి," అన్నారు. "తర్వాత పట్టలేదంటే నన్నంటారు."

నాన్న బడిపంతులు, చర్చిలో పెద్ద. ఒక సంగతి తెలీదని ఒప్పుకోవడం ఆయన వల్లకాదు. ఆదివారం ఆరాధన కాగానే చర్చి బల్ల కింద టేపు పెట్టి కొలిచాడు. "అది బల్ల నాన్నా, సీటు కాదు," అన్నాను. నిజమేననుకున్నాడు కాబోలు, సోమవారం సాయంత్రం నన్ను కంకిపాడు బస్సెక్కించాడు. ఎంత గాల్లో ఎగిరినా అదీ మనుషుల్ని మోసే బండేగా, సీట్లలో అంత తేడా ఏముంటుందని ఆయన వాదన. బస్సు కిటకిటలాడుతోంది. అదృష్టం కొద్దీ వెనకవైపు ఒక సీటు ఖాళీగా దొరికింది. నాన్న అందులో కూర్చుని, నడుం వంచి, మోకాళ్ల మధ్య తల దూర్చి టేపు సాగదీశాడు.

"ఏం పడిపోయిందండీ మేస్టారూ?" అన్నాడు కండక్టరు.

"ఏం పడిపోలేదయ్యా. మా అమ్మాయి విమానం ఎక్కుతోంది."

బస్సంతా మా వైపు తిరిగింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. నాన్న నిదానంగా కొలతలు టిక్కెట్టు వెనక రాసుకున్నాడు. ఎందుకైనా మంచిదని ఆ కొలతకి ఇంకో అంగుళం తగ్గించి కుట్టమని సాయిబుగారికి చెప్పింది మాత్రం నేనే.

వారంలో సంచి వచ్చింది. ముదురాకుపచ్చ కాన్వాసు, రెండు పట్టీలు, వీపు వైపు సర్టిఫికెట్లకి లోపల ఒక జేబు. తగిలించుకుని చూపిస్తే అమ్మ, "మూటలు మోసేదానిలా ఉన్నావే తల్లీ," అంది. నాన్న ఒక కుర్చీ కాళ్లకి బస్సు సీటు ఎత్తులో తాడు కట్టాడు. రోజూ సంచి సర్దడం, తాడు కిందికి తోయడం, తాడు కదిలితే మళ్లీ విప్పి సర్దడం. ఒక చీర తీసేశాను. పెద్ద బైబిలు తీసి చిన్న కొత్త నిబంధన పెట్టాను. కలలో కూడా ఎవరో నా సంచి లాక్కుంటున్నట్టే ఉండేది.

బయల్దేరే ముందు రోజు ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నాం. అది అయ్యాక అమ్మ ఒక బొంత పట్టుకొచ్చింది. తన పాత నేతచీరలు నాలుగు కలిపి పల్చగా కుట్టింది. నెల్లాళ్లుగా మధ్యాహ్నాలు కూర్చుని కుట్టేది ఇదన్నమాట.

"విమానంలో చలేస్తుందటే. నీ దగ్గరే పెట్టుకో," అంటూ తనే సంచిలోకి కుక్కింది. సంచి ఉబ్బింది. కుర్చీ కిందికి తోస్తే తాడు తెగినంత పనైంది.

"నీకెన్నిసార్లు చెప్పాలమ్మా? ఇది పట్టక నా కాగితాలు పోతే నువ్వొచ్చి ఆయాపని చేస్తావా?" అని అరిచాను. ప్రార్థనకి వచ్చినవాళ్లు ఇంకా వరండాలోనే చెప్పులు వేసుకుంటున్నారు.

అమ్మ బొంత బయటికి తీసి మళ్లీ మడత పెట్టింది. "సరేలే, పెట్టెలో పెడతా. ఎక్కడికి పోతుంది, నీతోపాటే వస్తుందిగా," అంది. పెట్టె తెరవగానే చేతికి తగిలేట్టు అన్నిటికన్నా పైన పెట్టింది.

బొంబాయిలో విమానం ఎక్కేదాకా ఎవరు నా వీపు వంక చూసినా సంచి పట్టీలు గట్టిగా పట్టుకునేదాన్ని. ఎవరూ ఆపలేదు. సీట్లో కూర్చుని, ప్రార్థన చేసుకుని, సంచిని కాలితో ముందు సీటు కిందికి తోశాను. వెళ్లింది. అడ్డేమీ తగల్లేదు. వంగి చెయ్యి పెట్టి చూస్తే సంచి పైన ఇంకా జానెడు ఖాళీ ఉంది.

అప్పుడు వెలిగింది. ఆ రోజు బస్సులో మాకు దొరికింది వెనక చక్రం మీది సీటు. అక్కడ కింద నేల ఉబ్బెత్తుగా ఉంటుంది, కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. అందుకే అది ఖాళీగా ఉంది. పుట్టిన దగ్గర్నించీ ఆ బస్సే ఎక్కిన ఇద్దరం ఆ సంగతే మర్చిపోయాం.

విమానంలో చలేసింది. ఆ ఖాళీలోకి కాళ్లు చాపి, సంచిని తొక్కిపట్టుకుని కూర్చున్నాను.

కువైట్‌లో కాగితాలు చూపించాను, మూడోనాటికి నర్సు యూనిఫారం ఇచ్చారు. నా పెట్టె మాత్రం రాలేదు. ఆ వారం రాలేదు, ఆ నెలా రాలేదు. ఇక రాదన్నారు.

ఉద్యోగంలో చేరానని, సంచి చక్కగా సరిపోయిందని నాన్నకి రాశాను. అమ్మకి వేరే కాగితం మీద, బొంత వెచ్చగా ఉందని, రోజూ అదే కప్పుకుంటున్నానని రాశాను. అది నమ్మి అమ్మ ప్రతి ఉత్తరంలోనూ దాని సంగతే అడిగేది. ఎండలో వేస్తున్నావా అనేది. వేస్తున్నాననేదాన్ని.

ఏడాది దాటాక అమ్మ దగ్గర్నించి ఒక ఉత్తరం వచ్చింది. 'రోజూ కప్పుకుంటే ఈపాటికి అది చీకిపోయి ఉంటుంది. ఇంకోటి కుడుతున్నాను. సాయిబుగారి దగ్గరికి వెళ్లి నీ సంచి కొలత అడిగి తెచ్చుకున్నా. ఈసారి అందులో పడుతుందిలే, నన్ను కోప్పడకు.'