ఫ్లాస్కు నిండా కాఫీ

మా అక్క మొగుడు చోడవరం చుట్టుపక్కల ఊళ్ళ నుంచి చక్కెర ఫ్యాక్టరీకి చెరకు లారీ తోలేవాడు. తొంభైల్లో ఆ రోజుల్లో ఫ్యాక్టరీలో చెరకు క్రషింగ్ మొదలైతే స్నానానికి మాత్రమే ఇంటికి వచ్చేవాడు. వచ్చి, కింది కనురెప్పను వేలితో లాగి నాకు చూపించేవాడు.

"సూడ్రా బామ్మర్దీ, నిద్దర ఎక్కడైనా కనిపిస్తందేటి? కాఫీ పడిందంటే అది రావికమతం దాటి పారిపోద్ది!"

అక్క నవ్వేది కాదు. సీజనుకు ఇంకో డ్రైవర్ని పెట్టమని బావ లారీ ఓనరును అడిగాడు. ఓనరు స్టీలు ఫ్లాస్కు కొన్నాడు. రోజూ కాఫీ నింపి పంపేవాడు.

తరువాత పుస్తకాల్లో చదివాను. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ, ఇక పడుకోమని చెబుతుంది. అది చేరాల్సిన చోట కాఫీలోని కెఫీన్ ముందే కూర్చుంటుంది. అలసట తగ్గదు, ఆ మాట మెదడుకు వినబడదు, అంతే. కెఫీన్ దిగిపోయాక పోగైనదంతా ఒక్కసారిగా మీద పడుతుంది.

బావ మీద అది మాడుగుల రోడ్డులో, పట్టపగలు పడింది. లారీ కల్వర్టును గుద్దింది. బావ అక్కడే పోయాడు.

దినం నాడు ఓనరు వచ్చి కూర్చున్నాడు. "ఆ పొద్దున్న కూడా ఫ్లాస్కు నిండా పంపేను. అయినా ఎలా నిద్దరోయేడో, ఏటి సెప్పను!" అన్నాడు. ఆయన ఆశ్చర్యం నటన కాదు. అందుకే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అక్క గుమ్మంలోకి వచ్చింది.

"కాఫీ అయితే పంపేరు బాబూ, ఇంకో మనిషినే పంపలేదు" అంది.