ఎలుక మళ్ల పిల్లలు పెట్టింది

కరీంనగర్‌ల నేను పనిచేసే ల్యాబ్‌ల ఎలుకల గదికి ఒక్కటే కిటికీ. మధ్యాహ్నం ఎండ పలచగ లోపలికి జారేది. తెల్ల ఎలుకలు రంపపు పొట్టుల ముడుచుకొని పండుకుంటె, వాటి ఊపిరి చూసుకుంట నేను ఏడ కూసున్ననో మర్చిపోయేదాన్ని.

నాది డీఎన్ఏ టీకా పని. రోగానికి కాదు, గర్భం రాకుండ ఆపేటందుకు. అండం చుట్టూ సన్నటి పొర ఒకటుంటది. ఆ పొరను ఎట్ల తయారు చేయాల్నో చెప్పే డీఎన్ఏ ముక్కను ఎలుక తొడకు సూదేస్తం. ఒళ్లే ఆ పొరను తయారు చేసుకొని, పరాయిదనుకొని యాంటీబాడీలు పుట్టిస్తది. అవి పోయి అండాన్ని కమ్ముకుంటె, మగ బీజానికి లోపలికి దారుండదు.

ఒక ఆదివారం సిరిసిల్లల మా ఇంటికి పోయినప్పుడు ఇదంత నన్ను కన్న అవ్వకు చెప్పిన. పక్కగదిల బాపు బట్ట నేసే సాంచాలు నడుపుతుండు. ఆ చప్పుడుల, గాలిల తేలే దూది నూగుల, అవ్వ నూలు కండెలు చుట్టుకుంట ఇన్నది.

"సూది ఏసుకున్నంక మళ్ల పిల్లలు కావాలనుకుంటె అయితరా?" అని అడిగింది.

"ఇంక తెల్వదు అవ్వా."

"ముందుగాల అది చూడు బిడ్డా."

ఎందుకడిగిందో నాకెరుకే. నేను, తమ్ముడు పుట్టినంక అవ్వ ఇంక పిల్లలు కాకుండ ఆపరేషన్ చేయించుకున్నది. తమ్ముడు నాలుగేండ్లప్పుడు జ్వరమొచ్చి పోయిండు. ఆ తర్వాత అవ్వ ఇంకో బిడ్డ కావాలని దవాఖానల చుట్టూ తిరిగింది. కాలే. ఇంట్ల ఆ ముచ్చట మేమెవ్వరం ఎత్తేటోళ్లం కాదు.

ల్యాబ్‌కు వచ్చినంక మా మేడంను అడిగిన. "టీకా పనిచేసి గర్భం రాని ఎలుకలను కొన్ని ఉంచుకుంట మేడం. యాంటీబాడీలు తగ్గేదాక చూస్త."

"శాన రోజులు పడ్తది," అన్నది మేడం. కానీ వద్దనలే.

రెండు వారాలకొకసారి ఒక్కో ఎలుకది రక్తం చుక్క తీసి పరీక్ష పెట్టేదాన్ని. యాంటీబాడీలు ఎంత ఎక్కువుంటె పసుపు రంగు అంత చిక్కగ. నెలలు గడుస్తుంటె ఆ రంగు తెల్వకుండనే పలచబడింది. బయట ఎండలు పోయి వానలొచ్చినయి. నాకు మాత్రం అంత ఒక్కటే పొడుగు మధ్యాహ్నం లెక్క ఉండె.

రంగు దాదాపు పోయినంక మగ ఎలుకలను జత చేసిన. ఇరవై రోజుల మీద ఒక పొద్దున చూస్తె, ఒక ఎలుక పొట్ట కింద ఏడు గులాబి పిల్లలు. ముట్టుకోకుండ అట్లనే నిలబడ్డ. తర్వాత బయటకొచ్చి అవ్వకు ఫోన్ చేసిన.

"తల్లి పాలు ఇస్తుందా?" అని అడిగింది.

"ఇస్తుంది."

అప్పుడు అవ్వ తమ్ముని ముచ్చట చెప్పింది, తనంతల తనే, మొదటిసారి. వాడు నూలు ఉండల మీద పడి నిద్రపోయేటోడట. లేపితె కండ్లు తెరవకుండనే నవ్వేటోడట. నేను ల్యాబ్ మెట్ల మీద కూసొని అంత ఇన్న.

తర్వాత ఆ టీకానే కుందేళ్లకు ఇచ్చినం. ఎలుకలల్ల వచ్చినన్ని యాంటీబాడీలు రాలే. మనుషులదాక పోయేటందుకు ఇంక ఎన్నేండ్లు పడ్తదో, అసలు పోతదో లేదో మేడంకు కూడ తెల్వదు. డోసు మార్చి మళ్ల మొదలుపెట్టినం. పోయిన వారమే కొత్త కుందేళ్లు వచ్చినయి.