నల్లబట్ట మీద తెల్లచుక్క

మొదట దాన్ని అచ్చుతప్పు అనుకున్నాను.

అప్పట్లో అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. కోర్సు పూర్తిచేసి విదేశాలకు వెళ్లినవాళ్లు సర్టిఫికెట్ పోయిందనీ, ఇంకొకటి పంపమనీ ఉత్తరాలు రాసేవారు. ఆ కవర్ల మీది స్టాంపులు నావి. పదో తరగతి తప్పాక లెక్కలు నాకు నేనే నేర్చుకున్నట్టు, స్టాంపును నీళ్లలో నానబెట్టి కాగితం నుంచి చిరగకుండా విడదీయడమూ నాకు నేనే నేర్చుకున్నాను.

ఆ సాయంత్రం విడదీసింది ఏదో చలిదేశపు స్టాంపు. చీకటి రోడ్డు, నల్లకోటు మనిషి, కోటు అంచు దగ్గర తెల్లటి చుక్క. అచ్చులో రంగు అంటని చోటనుకుని సంబరపడ్డాను. అచ్చుతప్పు స్టాంపు దొరకడం సేకరించేవాళ్లకు పండగ. భూతద్దం పెట్టి చూస్తే ఆ చుక్కకు సన్నటి దారం ఉంది. దారం కోటు జేబులోంచి వేలాడుతోంది. దూరంగా కారు దీపాలు. ఆ మనిషి మొత్తంలో కారుకు కనిపించేది ఆ చుక్క ఒక్కటే.

కింద ఏం రాసి ఉందో చదవలేకపోయాను. చదవాల్సిన అవసరం కూడా లేదు.

మా అబ్బాయి అయ్యప్ప మాల వేసుకుని అప్పటికి పంతొమ్మిది రోజులు. నల్ల లుంగీ, నల్ల చొక్కా, నల్ల కండువా, చెప్పుల్లేని కాళ్లు. రోజూ తెల్లవారుజామున అయిదింటికి చన్నీళ్ల స్నానం చేసి, పంజాగుట్ట వైపు మెయిన్ రోడ్డు దాటి, స్వాములంతా పూజ చేసుకునే షెడ్డుకు నడిచి వెళ్లేవాడు. రోడ్డు తవ్విన ఆ ముక్కలో వీధిదీపాలు వెలిగేవి కావు. సరిగ్గా అదే వేళకు రాత్రి షిఫ్టువాళ్లను దింపే క్యాబ్‌లు ఇంకో ట్రిప్పు అందుకోవడానికి పరుగు మీద ఉండేవి.

వచ్చేటప్పుడు తెల్లారిపోతుంది కాబట్టి రావడాలను లెక్కలోంచి తీసేశాను. చీకట్లో దాటాల్సినవి నలభై ఒకటి. పంతొమ్మిది గడిచాయి. ఇంకా ఇరవై రెండు.

మర్నాడు వాడి వెనకే వెళ్లి, రోడ్డు పక్కన నిలబడి చూశాను. క్యాబ్ దీపాల వెలుగులో వాడి ఆకారం తేలేసరికి మధ్యలో దూరం నలభై అంగలు ఉంటుంది. ఆ దూరాన్ని క్యాబ్ మూడు అంకెలు లెక్కపెట్టేలోపు దాటేస్తోంది. వాడు డివైడర్ చేరడానికి తొమ్మిది అంకెలు పడుతోంది. తేడా ఆరు. డ్రైవరు బ్రేకు వేస్తాడు కదా అని రెండు తగ్గించాను. ఎటు తిప్పి చేసినా నాలుగు మిగిలాయి.

సాయంత్రం యూసుఫ్‌గూడ దారిలో నంబరు ప్లేట్ల మీద మెరిసే స్టిక్కర్లు అంటించే రేడియం షాపుకు వెళ్లి, రూపాయి బిళ్లంత గుండ్రంగా రెండు కోయమన్నాను. డివైడర్ దాకా బళ్లు కుడినుంచి వస్తాయి, దాటాక ఎడమనుంచి. అందుకే రెండు.

“ఏ బండికి, అన్నా?” అని అడిగాడు షాపతను.

“బండికి కాదు, మనిషికి.”

“మనిషికి సుత నంబరెయ్యాల్నా మరి?” అని నవ్వి, తెల్ల రేడియం కోసి ఇచ్చాడు.

అట్టకు అంటించి, దారం కట్టి ఇంటికి తెచ్చాను. మామూలు రోజుల్లో అయితే గట్టిగా ఒక మాటంటే సరిపోయేది. మాల వేసుకున్నవాణ్ణి పేరుపెట్టి పిలవం, కసరం. కన్నకొడుకైనా స్వామే. నేను బతిమాలాల్సి వచ్చింది.

“జర గిది కట్టుకోండ్రి స్వామీ.”

“సోకులు వద్దన్నరు గురుస్వామి. అయ్యప్ప చూసుకుంటడు స్వామీ,” అన్నాడు వాడు నెమ్మదిగా.

“అయ్యప్ప చూస్తడు. నాకు గా ఫికర్ లేదు. క్యాబాయన చూడాలె గద.”

బిళ్లలు ముట్టుకోకుండానే వెళ్లి దీపం ముందు కూర్చున్నాడు.

ఇరవై ఒకటో రోజు నా బూడిదరంగు స్వెటరుకే రెండు బిళ్లలూ వేలాడదీసుకుని, వాడి పక్కనే, బళ్లు వచ్చే వైపు నడిచాను. అయిదో అంగలో ఉండగా క్యాబ్ వచ్చింది. నా కాళ్లు కదల్లేదు. బ్రేకు కీచుమంది. బండి పక్కకు జారి, నా మోకాలికి జానెడు దూరంలో ఆగింది. టైరు మాడిన వాసన. డ్రైవరు తల బయటపెట్టాడు. నిద్రలేని కళ్లు. తిడతాడనుకున్నాను.

“అన్నా, నీకాడ ఏదో మెరిసింది, గందుకే బ్రేకేసిన. పక్కన స్వామి ఉన్నడని గిప్పుడే చూస్తున్న,” అన్నాడు. మావాడికి దండం పెట్టుకుని వెళ్లిపోయాడు.

డివైడర్ మీదకు చేరాక మా అబ్బాయి చెయ్యి చాపాడు.

“అవి ఇటియ్యి నాయినా.”

స్వామీ అనడం మరిచిపోయాడు. నేను గుర్తుచేయలేదు.

మిగిలిన ఇరవై రోజులూ వాడి రెండు పక్కలా బిళ్లలు వేలాడాయి. నేను రోజూ అక్కడికి ముందుగానే వెళ్లి, బళ్లు వచ్చే వైపు వందంగల దూరంలో నిలబడేవాణ్ణి. నా పక్కనుంచి క్యాబ్ వెళ్లే క్షణాన వాడి దగ్గర చుక్క భగ్గుమనేది. నూరంగల నుంచీ కనిపిస్తోందని లెక్క సరిచూసుకునేవాణ్ణి. కానీ ఆ బిళ్ల తన మీద పడ్డ వెలుగును పంపినవాడికే తిప్పి పంపుతుంది. బండి నన్ను దాటి వాడి వైపు వెళ్లగానే చుక్క నాకు ఆరిపోయేది. డ్రైవరుకు కనిపిస్తూనే ఉంటుందని తెలుసు. తెలిసినా, బండి వాడి దగ్గరికి చేరే ఆ ఏడెనిమిది అంకెలూ నాకు మాత్రం అక్కడ చీకటే. ఇంకో బండి వచ్చి మళ్లీ చుక్కను వెలిగించేదాకా ఊపిరి బిగబట్టి నిలబడేవాణ్ణి.

ఆ రోడ్డు మీద ఇంకో బండి తొందరగా రావాలని నేను కోరుకున్నది ఆ ఇరవై రోజులే.