ఖాళీ పడవ అల దాటిన రోజు

దెయ్యాలనీ, గాలీ ధూళీ అనీ నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మితే మాకు కడుపు నిండదు. విజయనగరంలో మాది చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. వీడియో గేముల్లో, సినిమాల్లో గోడ కూలినా, నీళ్లు పొంగినా అచ్చం నిజంలా కనబడేలా లెక్కలు కట్టే ప్రోగ్రాములు రాస్తాం. అంకెలు మారకపోతే ఫలితం మారదు. మా వ్యాపారమంతా దాని మీదే.

హుద్‌హుద్ తుఫాను వచ్చిన మరుసటి ఏడు ఒక సినిమావాళ్లు ఉప్పెన సీను అడిగారు. సముద్రం, పడవ మేం చెయ్యాలి. మనుషుల్ని వాళ్లు తర్వాత కలుపుకుంటారు. అందుకని మా పడవ ఖాళీ.

అలలు బ్రహ్మాండంగా వచ్చాయి. శ్రీకాకుళం తీరంలో చేపలు పట్టే ఇంట పుట్టినదాన్ని, సంద్రం నాకు రాకపోతే ఇంకెవరికొస్తుంది! పడవే పరువు తీసింది. పెద్ద అల రాగానే ప్రతిసారీ బోల్తా. సాయంత్రం సినిమావాళ్లు చూడ్డానికి వస్తున్నారు. నచ్చకపోతే పని హైదరాబాద్ పోతుంది, మేం ఆఫీసుకు తాళం వేసుకోవాలి.

మధ్యాహ్నం అమ్మ చేపల పులుసు పట్టుకుని ఊరి నుంచి బస్సులో వచ్చింది. తెర మీద పడవ తిరగబడటం చూసి నన్ను కడిగేసింది.

“ఏటే, బొట్టెట్టకుండానే పడవని నీటిలోకి దింపేసినారా? సంద్రం మీద బతికినోల్ల పిల్లవి, ఆ మాత్రం తెలీదేటి?”

నిజమే, మా ఊళ్లో బొట్టు పెట్టకుండా కొత్త పడవను ఎవరూ దించరు. అమ్మ సంచిలోంచి కుంకం భరిణె తీసి మానిటర్ మీద, పడవ ముందు కొసకు బొట్టు పెట్టేసింది. నాతో కలిసి కంపెనీ పెట్టిన ఈశ్వర్ పడీ పడీ నవ్వాడు.

“పన్లో పని, సర్వరుకి కూడా ఓ బొట్టెట్టీ పిన్నీ!”

మళ్లీ నడిపాం. ఒక్క అంకె మార్చలేదు. అల రాగానే పడవ వెనకభాగం కిందకి దిగింది, ముందు కొస పైకి లేచింది, అల దాటేసింది. ఈశ్వర్ నవ్వు ఆగిపోయింది.

“ఎనకాల మనిసి కూకున్నట్టు దిగింది సూడు, మరి దాటదేటి?” అంది అమ్మ, గిన్నె మూత తీస్తూ.

రికార్డయిన ఆ దృశ్యాన్నే సినిమావాళ్లకు చూపించాం. పని మాదైంది. థియేటర్లో ఆ సీను వచ్చినప్పుడు అమ్మ లేచి నిలబడి “మా పిల్ల సేసిన సంద్రం!” అని అరిచింది. నా జన్మకి అది చాలు.

తర్వాత ఆ ఫైలు ఎన్నోసార్లు నడిపాం. ఈశ్వర్ ప్రోగ్రాంలో ఒక్కో లైనూ వెతికాడు. చాటుగా బొట్టు కూడా పెట్టి చూశాడు. ఖాళీగా వదిలితే బోల్తానే. వెనకాల ఒక మనిషి బరువు వేస్తేనే దాటుతుంది. ఆ రోజు మేం వెయ్యలేదు.

ఎవరెక్కారో నాకిప్పటికీ తెలీదు. తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది, గర్వంగానూ ఉంటుంది. ఎవరైతేనేం, మేం చేసిన సంద్రాన్ని నిజం సంద్రమనుకునే ఎక్కారు.